మా తాత పడమర

నాన్న పోయిన రోజు పొద్దున, గొయ్యి తవ్వించడానికి ముందుగా ఊరెళ్ళిన మస్తాన్ ఫోన్ చేశాడు. మస్తాన్ మా చిన్నాన్న కొడుకు. నాకంటే బాగా చిన్నవాడు. సత్తెనపల్లిలో పరుపుల కొట్టు నడుపుతున్నాడు. నేను గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో నాన్న పక్కన కూచుని ఉన్నాను. హాలంతా అగరొత్తుల పొగ, మెట్ల మీద చెప్పులు విప్పుతున్న జనం. "అక్కా, నాయనమ్మ పక్కన చోటుంది" అన్నాడు మస్తాన్. "కానీ ఆడైతే పాత వరసలోనే తవ్వాలి. తిప్పి తవ్వితే నాయనమ్మ గోరీ తెగుద్ది. కొత్త వరసలోనే పెట్టాలంటే గోడవారన తుమ్మచెట్టు దగ్గర చోటుంది. ఎటు తవ్వమంటావ్? పెదనాన్న నీకేమన్నా చెప్పాడా?"

చెప్పలేదు. నోటికి ఏదొస్తే అది అనేసే మనిషినని నాకు ఇంటా బయటా పేరుంది. అలాంటి నేను కూడా ఆయన్ని ఆ ఒక్క మాటా అడగలేకపోయాను. "కాసేపాగరా, చెప్తా" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి నాన్న మొహంలోకి చూశాను. దేశంలో ఎక్కడెక్కడి కొండలెక్కి, ఏ చోటు ఎక్కడుందో నక్షత్రాలను చూసి తేల్చిన మనిషి. ఇప్పుడు ఆయన్ని ఎటు తిప్పి పడుకోబెట్టాలో నేను తేల్చాలి. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంత జాగ్రత్త మనిషివి, ఇదొక్కటీ నా నెత్తిన పెట్టి పోయావేంటి నాన్నా అనుకున్నాను.

ఇది అర్థం కావాలంటే మా ఊరి గోరీల దొడ్డి సంగతి చెప్పాలి. మాలో పోయినవాళ్ళను ఉత్తరానికి తల పెట్టి, కుడిపక్కకు ఒత్తిగిలించి, ముఖం మక్కా వైపు ఉండేట్టు పడుకోబెడతారు. మసీదు గోడ ఎటు చూస్తే గోరీలూ అటే చూస్తాయి. మా ఊళ్ళో మాత్రం గోరీలు రెండు రకాలుగా ఉంటాయి. చింతచెట్టు వైపున్న పాతవి ఒక వాలున, గోడవైపున్న కొత్తవి ఇంకో వాలున. మొదటిసారి చూసినవాళ్ళు ఇదేంటి, ఎవరు తాగి తవ్వారు అనుకుంటారు. ఎవరూ తాగలేదు. పాత వరస పెట్టింది మా తాత. కొత్త వరస పెట్టింది మా నాన్న.

మేం దూదేకులవాళ్ళం. సత్తెనపల్లికి అవతల, నల్లరేగడి పొలాల మధ్య మా ఊరు. చుట్టూ పత్తి, మిరప. మాకు పొలం లేదు, విల్లు ఉంది. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని మా మగవాళ్ళు ఊరూరూ తిరిగేవాళ్ళు. వాకిట్లో కూచుని పాత పరుపులు విప్పి, గట్టిపడిపోయిన దూదిని ఏకి, మళ్ళీ నింపి కుట్టి, రెండు పూటలా ఆ ఇంట్లోనే తిని, పక్క ఊరికి పోయేవాళ్ళు. ఆ విల్లు నారి మోగే మోత నాకిప్పటికీ చెవిలో ఉంటుంది. తాత ఇంట్లో ఉన్న రోజుల్లో దూది పొట్టు గాల్లో తేలుతూ అన్నంలో పడేది, పాలలో పడేది, మా నాయనమ్మ కనుబొమల మీద నిలిచేది. "నేను పుట్టుకతోనే ముసిల్దాన్నిరా" అని ఆమె నవ్వేది. మాఘమాసం దాటితే మిరపకాయల ఘాటు మొదలు. కళ్ళాల్లో ఎండబోసిన కాయల మీంచి గాలి కొడితే ఊరంతా తుమ్ములే. నమాజులో తుమ్ములు, పెళ్ళిలో తుమ్ములు, బళ్ళో ఎక్కాలు అప్పజెబుతూ తుమ్ములు.

మాకు ఉర్దూ రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, దేవుడితో మాత్రం వచ్చీరాని నాలుగు అరబ్బీ ముక్కలు. పట్నంలో సాయిబులు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుతారు, ఊళ్ళో రైతులు ముద్దుగా ఎగతాళి చేస్తారు. అందుకే మసీదంటే మావాళ్ళకు ప్రాణం. తాత కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇంటింటా ఇటుకలు అడుక్కొచ్చి కట్టిన మసీదు అది. చిన్న గది, పెంకుల కప్పు, పడమటి గోడలో ఇమాము నిలబడే గూడు, గూటిపైన గాలి కోసం వదిలిన పలక వెడల్పు కంత. అంతే. దానికి దిక్కు చూసి గూటాలు నాటింది మా తాత సైదులు.

ఎలా నాటాడో మా నాయనమ్మ నాకు గర్వంగా చెప్పేది. ఏడాదిలో ఎక్కువ భాగం మగవాళ్ళు ఊళ్ళ మీద ఉండేవాళ్ళు కదా. అందరూ ఇంటిపట్టున ఉండేది పుష్యమాసంలోనే, కొత్త పత్తి రైతుల ఇళ్ళకు చేరి, పని కాళ్ళ దగ్గరికే వచ్చినప్పుడు. అలాంటి ఒక సాయంత్రం పదిమందీ చేరారు. పొద్దు గుంకే వైపే పడమర, పడమరే మక్కా. తాత ఒక గూటం పాతి, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, ఎర్రటి పొద్దుకు సూటిగా రెండో గూటం పాతాడు. ఆ రెండు గూటాల వాలునే మసీదు లేచింది. చలికాలంలో పొద్దు బాగా దక్షిణానికి జరిగి గుంకుతుందని ఏ పత్తిచేలో మనిషినడిగినా చెప్పేవాడు. కానీ వీళ్ళు చేలో మనుషులు కారు. పగలంతా వాకిళ్ళలో తలొంచుకుని దూది ఏకే మనుషులు. అందరూ కలిసి పొద్దు గుంకడం చూసింది ఎప్పుడూ ఆ చలికాలంలోనే.

ఆ వంకర మొదట కనిపెట్టింది మా నాన్నే, అప్పటికింకా పలక పట్టుకుని బడికి పోతున్న కాశిం. ఈ కథ నాన్న నాకు ఎన్నోసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోతూ చెప్పాడు. సాయంత్రం నమాజు కోసం చాపమీద కూచుని ఉంటే, గూటిపైన కంతలోంచి చివరి ఎండ లోపలికి పడేది. చలికాలంలో ఆ ఎండపలక తిన్నగా చాప మధ్యలోంచి గడప దాకా పాకేది. ఎండాకాలం వచ్చేసరికి అదే ఎండ పక్కకు పోయి దక్షిణపు గోడెక్కేది. కాశిం వాళ్ళ నాయన్ని అడిగాడంట: "నాయనా, పొద్దు జరిగిందా, మన మసీదు తిరిగిందా?" తాత నెత్తిన ఒక్కటి మొట్టి, "నమాజుకొచ్చావా, ఎండ చూట్టానికొచ్చావా?" అన్నాడు. ఆ జవాబుతో పిల్లవాడి ప్రశ్న ఆగలేదు. మర్నాడు బళ్ళో పంతులు గారిని అడిగాడు, పంతులు గారు గ్లోబు తెచ్చి తిప్పి చూపించారు. అక్కణ్ణించి పట్టుకుంటే సత్తెనపల్లి హైస్కూలు, గుంటూరు కాలేజీ, పై చదువులు, చివరికి ఉత్తరాదిన దేశాన్ని కొలిచే సర్వే ఆఫీసులో ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఏమిటో ఊళ్ళో ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మా నాయనమ్మనడిగితే, "నేలని కొలుస్తాడు" అనేది.

"కరణంలాగానా బీబమ్మా?" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు.

"కరణానికి గొలుసు కావాలి. మావోడికి చుక్కలు చాలు."

ఆమె హాస్యానికి అన్నా, నిజం అంతే. నాన్న కొండకొమ్ముల మీద గుడారాలు వేసుకుని, ఆకాశంలో ఏ నక్షత్రం ఎప్పుడు ఎక్కడికొస్తుందో చూసి, కాళ్ళ కింద రాయి భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో లెక్కకట్టేవాడు. అలాంటి రాళ్ళు దేశమంతా నాటుకుంటూ పోతే, వాటిని కలిపి భూమి గుండ్రం ఎంత, సొట్ట ఎంత అని తేల్చేవాళ్ళు. ఆ పని చలికాలపు పని. అందుకని అమ్మా నేనూ నాయనమ్మ దగ్గరే ఉండేవాళ్ళం, ఎండలు ముదిరాక నాన్న సెలవు మీద వచ్చేవాడు. వస్తూనే చేసే మొదటి పని, రేడియోలో గంట కొట్టే ముందు వచ్చే చప్పుళ్ళకు చేతి గడియారం సరిచేసుకోవడం. రెండో పని, వసారా దూలానికి దారం కట్టి ఒక ఇత్తడి గుండు వేలాడదీయడం. అది తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులాంటిదే, కాకపోతే నునుపుగా, మొన తేలి, బంగారంలా మెరిసేది. నన్ను దాని దగ్గరికి రానిచ్చేవాడు గానీ ఊదనిచ్చేవాడు కాదు. ఇన్నేళ్ళు యంత్రంలోంచి పైకి చూసీ చూసీ ఆయన మెడ ఒక తీరుగా తయారయింది. తలగడ పనికొచ్చేది కాదు. గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి పడుకునేవాడు. నిద్రలో కూడా మీ నాన్న ఆఫీసులోనే ఉంటాడని అమ్మ విసుక్కునేది.

ఒకరోజు ఆ గుండు చూపించి, ఇది ఎప్పుడూ నిట్టనిలువుగానే వేలాడుతుందా అని అడిగాను. నాన్నకు అలాంటి ప్రశ్న దొరికితే అన్నం అక్కర్లేదు. "ఇక్కడైతే దాదాపు అంతే. పెద్ద కొండల దగ్గర అట్టా ఉండదు. కొండ తనవైపు లాక్కుంటది. కంటికి ఆనదు గానీ, చుక్కలతో సరిచూస్తే దొరికిపోద్ది" అన్నాడు. పక్కనే మిరపకాయల తొడిమలు తుంచుతున్న నాయనమ్మ తలెత్తకుండానే, "ఇత్తడి గుండుకే అంత ప్రేమ ఉంటే, కన్నకొడుకు ఆ కొండల్లో కూచుని ఇటు ఒక్క పిసరు మొగ్గడేం?" అంది. నాన్న నవ్వి, లేచి వెళ్ళి ఆమె చేటలోంచి సగం కాయలు తన ముందు పోసుకున్నాడు. తాత అప్పటికే పోయాడు. తన మసీదు వాలునే, తాను నాటిన పడమర వైపే ముఖం పెట్టి చింతచెట్టు కింద పడుకుని ఉన్నాడు.

నాకు పదకొండో పన్నెండో ఏళ్ళప్పుడు ఆ మసీదు కప్పు కూలింది. కొత్తది కడదామని చందాలు పోగవుతున్నప్పుడు, పట్నం నుంచి వచ్చిన ఒక మిరప వ్యాపారి సాయంత్రం నమాజుకు వచ్చాడు. నమాజయ్యాక గోడనీ, గుంకిన పొద్దునీ మార్చి మార్చి చూసి, "ఇదేంటయ్యా ఇంత వంకరుంది? దూదేకులోళ్ళకి దిక్కు కూడా తెలవదా?" అని నవ్వి పోయాడు. ఆ మాట ఊళ్ళో మావాళ్ళకు అన్నం సహించనివ్వలేదు. పెద్దలు నాన్న వచ్చేదాకా పునాది తియ్యకుండా ఆగారు. ఆయన బస్సు దిగీ దిగగానే వాకిట్లో నిలబడ్డారు. "కాశిం, నువ్వు చదివిన చదువు ఇయ్యాల మాకు కావాలి. మక్కా ఎటుందో చెప్పు" అన్నారు. నాన్న నాయనమ్మ వైపు చూశాడు. ఆమె చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న కాయితం మీద లెక్కకట్టి చెప్పి ఊరుకోవచ్చు. కానీ కాయితం మీద నమ్మకంతో మనిషి నిలబడి నమాజు చెయ్యలేడని ఆయనకు తెలుసు. "కొన్నాళ్ళాగండి, అందరి కళ్ళకీ కనపడేట్టు చూపిస్తా" అన్నాడు. రోహిణి కార్తె ఎండ మండిపోతున్న రోజు, మధ్యాహ్నం నమాజు అయ్యాక అందర్నీ మసీదు ముందు కళ్ళంలోకి రమ్మన్నాడు. అది పక్కింటి రైతు రామకోటయ్యది. చివరి కోత కాయలు ఎండబోసి ఉన్నాయి. ఆయనే పార పట్టుకుని కాయల్ని పక్కకు నెట్టి చోటిచ్చాడు. నాన్న మూడు వాసాలు నిలబెట్టి, మధ్యలో ఇత్తడి గుండు వేలాడదీసి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. పెద్దలు పట్నం నుంచి పిలిపించిన మతగురువు హజరత్ గారు గొడుగు వేసుకుని పక్కన ఉన్నాడు. "ఏటా ఈ రోజుల్లో మక్కాలో మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా నెత్తిమీదికొచ్చిద్ది. ఆ క్షణాన ఆడ గుంజకి నీడ ఉండదు. అంటే ఆ క్షణాన మనం ఈణ్ణించి పొద్దు వైపు తిరిగితే మక్కా వైపు తిరిగినట్టే. దారం నీడ దానికి ఎదురుగా పడుద్ది. ఆ నీడే మన గీత" అన్నాడు నాన్న. ఒకడు తుమ్మాడు. తర్వాత అందరం తుమ్మాం. నాన్న చెయ్యెత్తగానే రామకోటయ్య వంగి దారం నీడ వెంట సున్నం పోశాడు.

తెల్లటి గీత పాత మసీదు గోడతో ఎంత తేడాగా ఉందో చంటిపిల్ల చూసినా చెప్పగలదు. ఒక ముసలాయన నేలమీద చతికిలబడి, "మరి ఇన్నేళ్ళ నమాజులు ఏమైనట్టు?" అన్నాడు. హజరత్ గారు మెల్లగా, తన ఉర్దూలో మా తెలుగు కలిపి చెప్పాడు. తెలియక ఎటు తిరిగినా మనసు అటే ఉంటే అది చేరుతుందని, తెలిశాక మాత్రం తిరగాలని. బతికున్నవాళ్ళు తిరగాలి, పోయినవాళ్ళను కదపకూడదు. ఇక మీదట గోరీలు కూడా కొత్త గీతనే తవ్వాలని పెద్దలు అక్కడికక్కడే అనుకున్నారు.

ఆ సాయంత్రం పొయ్యి ముందు కూచుని రొట్టెలు కాలుస్తూ నాయనమ్మ నాన్ననడిగింది. "కాశిం, మీ నాయన ఎటు చూస్తన్నాడ్రా?"

దేశం కొలతలు నోటికి చెప్పే మనిషి నేలచూపులు చూస్తూ ఉండిపోయాడు. చివరికి, "హజరత్ గారు చెప్పాడుగా అమ్మా. తెలియక చేసింది తప్పు కాదు" అన్నాడు.

"తప్పని నేనన్నానా? ఎటు చూస్తన్నాడని అడిగా."

"దక్షిణానికి ఎక్కువైంది" అన్నాడు నాన్న. ఆమె పెనం మీది రొట్టె మాడిపోతున్నా తియ్యలేదు. అమ్మ వచ్చి తీసింది. కాసేపటికి నాన్న మళ్ళీ తనే అన్నాడు: "నాయన ఆ గోడ తిన్నగా కట్టుంటే నేనియ్యాల విల్లు భుజానేసుకుని తిరుగుతా ఉండేవాణ్ణమ్మా. ఆ కంతలో ఎండ పక్కకి పోబట్టే నాకు ఆకాశం అనేదొకటి ఉందని తెలిసింది. నేను బతికేది ఆయన వంకర మీదే." నాయనమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ వల్ల కాదు.

కొత్త మసీదు నాన్న గీత మీదే లేచింది. స్థలం పాతదే కావడంతో, గది తిరిగేసరికి ముందు మూడుమూలల అరుగు ఒకటి మిగిలింది. పిల్లలం దానిమీదే గచ్చకాయలాడేవాళ్ళం. నాన్న సెలవైపోయి వెళ్ళేదాకా నాయనమ్మ ఇంట్లో చాప పాత వాలునే పరిచి నమాజు చేసింది. నాన్న చూశాడు, ఒక్క మాట అనలేదు. ఆయన రైలెక్కిన మర్నాడు చూద్దును కదా, చాప కొత్త వైపు తిరిగి ఉంది. "ఏంటి నాయనమ్మా, తిరిగావు?" అన్నాను. "బతికున్నోళ్ళు తిరగాలన్నాడుగా. తిరిగా. పోయాక మాత్రం మీ తాత పక్కనే, ఆయన చూసిన వైపే. తప్పైతే ఇద్దరిదీ" అంది. అదే మాట తర్వాతి వేసవిలో నాన్నతోనూ అంది, ఒట్టు వేయించుకుంది.

కొన్నేళ్ళకు మండు వేసవిలో ఆమె పోయింది. నాన్న ఊళ్ళోనే ఉన్నాడు. తల్లి గోరీ తండ్రి పక్కన, పాత వరసలో తవ్వమని అడగాల్సిన పని ఆయనకే పడింది. అడిగాడు. ఆ రోజు పెద్దలు మొహం మీదే అన్నారు. "వరస మార్చింది నువ్వు. మా అమ్మని మా నాయన పక్కన పెట్టుకుంటానని నేనేడిస్తే లెక్క ప్రకారం కుదరదన్నావ్. ఇప్పుడు మీ అమ్మకి లెక్క లేదా?" అన్నాడు ఒకాయన. ఆ మాట నిజం. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. హజరత్ గారే కల్పించుకుని, ఉజ్జాయింపుగా ఆ పక్కకు ముఖం ఉంటే చాలు, ఆడమనిషి చివరి మాట తీర్చండి అన్నాడు. రామకోటయ్య కూడా వచ్చి, "ఇచ్చిన మాట కదయ్యా, పోనియ్యండి" అన్నాడు. చివరికి ఒప్పుకున్నారు. నాన్నే గోతిలోకి దిగి తల్లిని పడుకోబెట్టాడు. మేం ఆడవాళ్ళం ఇంట్లో ఉండిపోయాం.

సాయంత్రం బావి దగ్గర ఆయన చేతులు కడుక్కుంటుంటే నేను నీళ్ళు పోశాను. మోచేతుల దాకా నల్లమట్టి. "తాత పక్కనే పెట్టావా నాన్నా?" అన్నాను. "పెట్టా. ఆమె అడిగినట్టే" అని, ఎవరితోనూ అనని మాట నాతో అన్నాడు. "తల ఉత్తరానికి ఉంటదిగా. మక్కా పాత వాలుకి ఉత్తరపక్క. అంటే తల కొంచెం వెనక్కి వాలిస్తే ముఖం సరైన వైపుకి తిరుగుద్ది. దవడ కింద మట్టిబెడ్డ పెట్టి, గడ్డం పైకెత్తా. మనిషి ఆయన పక్కనే ఉంది. చూపు మాత్రం నేను కొలిచిన వైపుంది." చెబుతూనే బావి గట్టు మీద కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను చెంబు పక్కన పెట్టి ఆయన తల పట్టుకున్నాను. మా నాన్న మాట తప్పలేదు, లెక్కా తప్పలేదు. ఆ రెండూ ఒక్క మనిషి దగ్గర కలిసి ఉండటం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

తర్వాతి కాలం నాన్న పనిని పాతదాన్ని చేసేసింది. ఉపగ్రహాలొచ్చాయి. రాత్రుళ్ళు చలిలో వణుకుతూ తేల్చిన లెక్క ఇప్పుడు అరచేతిలో పెట్టె చెబుతోంది. రిటైరై బ్రాడీపేటలో నా దగ్గర ఉన్నప్పుడు, ఆయనకు నేను ఫోనులో మక్కా వైపు చూపించే బాణం చూపించాను. ముచ్చటపడి పిల్లాడిలా గదంతా తిరిగి చూసుకున్నాడు. ఇనప బీరువా దగ్గరికెళ్ళేసరికి బాణం అటూ ఇటూ కొట్టుకుంది. "దీనికీ కొండలున్నాయే" అని నవ్వాడు. తుళ్ళూరు దగ్గర తాను నాటిన రాయి రాజధాని రోడ్డు కింద పడి పోయిందని ఎవరో చెబితే, నేను బాధపడ్డాను గానీ ఆయన పడలేదు. "రాయి పోద్ది. చోటెక్కడికి పోద్ది?" అన్నాడు. ఇత్తడి గుండు మాత్రం కిటికీ ఊచకు వేలాడుతూనే ఉండేది. అది కదులుతోందని ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేసేవాడు. ఆ ఉక్కలో నేను అరిచి గోల పెడితే, "నిలబడనీయవే, నిలబడేదాకే" అనేవాడు. ఇప్పుడు ఫ్యాను ఎంతసేపు తిరిగినా అడిగేవాళ్ళు లేరు. నాకే దాన్ని వెయ్యబుద్ధి కావడం లేదు.

ఆ పొద్దున నాన్న పక్కన కూచుని ఇదంతా గుర్తుచేసుకుంటుంటే మస్తాన్ మళ్ళీ ఫోన్ చేశాడు. "అక్కా, జనం ఎండలో ఉన్నారు. ఈ ఫోను చూస్తే గేటు దగ్గర ఒక వైపు చూపిస్తంది, లోపలికెళ్తే ఇంకో వైపు చూపిస్తంది. నువ్వే చెప్పు."

"నాయనమ్మ పక్కనే తవ్వరా" అన్నాను. "పాత వరసలోనే. ఇప్పటి హజరత్ గారికి నేను చెప్తా. కానీ గోతిలోకి నువ్వే దిగు, ఇంకెవర్నీ దిగనీయకు. పడుకోబెట్టాక దవడ కింద మట్టిబెడ్డ పెట్టి గడ్డం పైకెత్తు. తల వెనక్కి వాలాలి." ఎందుకో చెప్పాను. "సరే అక్కా" అన్నాడు మస్తాన్.

మధ్యాహ్నానికి నాన్నను ఊరికి తీసుకెళ్ళాం. మగవాళ్ళు గోరీల దొడ్డికి వెళ్ళాక, నేను మసీదు ముందు మూడుమూలల అరుగు మీద కూచున్నాను. రామకోటయ్య కళ్ళం ఉన్న చోట ఇప్పుడు అన్నీ ఇళ్ళే. అయినా ఎవరి డాబా మీదో మిరపకాయలు ఎండబోసినట్టున్నారు, గాలి అటునుంచి కొడితే ఘాటు వచ్చింది. పొద్దు వాలుతుండగా మస్తాన్ వచ్చాడు. మోచేతుల దాకా నల్లమట్టి. నా పక్కన కూచున్నాడు.

"నువ్వు చెప్పినట్టు చేశావా?" అన్నాను.

"బెడ్డ చేతిలో పట్టుకునే దిగా అక్కా" అన్నాడు. "పెట్టే పనే పడలా. అట్టా ఒత్తిగిలించగానే పెదనాన్న తల దానంతటదే వెనక్కి వాలింది."